వంటసోడా పీల్చుకున్న వ్యాసం

వెల్టన్ ఉన్నత పాఠశాలలో పదకొండో తరగతికి అమెరికన్ సాహిత్యాన్ని మధ్యాహ్న భోజనానికి ముందు గంటలో పెట్టిన మహానుభావుడెవరో గాని, శుక్రవారాలు ఆ గదిలోంచి ఆకలితో బయటికి వచ్చిన విద్యార్థి ఇంతవరకు ఒక్కడూ లేడు. మిగిలిన రోజులు పరవాలేదు. గంట మోగగానే మిసెస్ హాల్వర్సన్ బోర్డు మీద ఒక ప్రశ్న రాసేది. పిల్లలు కాసేపు తలెత్తకుండా జవాబు రాసేవారు. తరువాత కొత్త మాటలకు అర్థాలు, ఆ తరువాత పాఠం, చివరికి ఆనాడు తెలిసిందేమిటో ఒక్క వాక్యం చీటీ మీద రాసి గుమ్మం దగ్గరి బుట్టలో వేసి వెళ్ళడం. సెప్టెంబరులో నరకాగ్ని చూపి బెదిరించే పాత మతబోధకులతో మొదలైన సాహిత్యం మంచు కురిసే వేళకు అడవులనూ స్వావలంబననూ కీర్తించినవారి దగ్గరకు, మంచు కరిగే వేళకు ఫ్యాక్టరీల దగ్గరకూ యుద్ధాల దగ్గరకూ చేరేది. శుక్రవారం మాత్రం వ్యాసాలు ఇచ్చే రోజు. ఆ రోజు బయట ఎంత చలి ఉన్నా కిటికీలన్నీ తెరిచేవారు. పిల్లలు కోట్లు విప్పకుండానే కూర్చునేవారు.

వ్యాసాలు కంపు కొట్టేవి మరి.

మనిషి రాసిన వాక్యం ఏదైనా ఆ ఊళ్ళో వాసన వేసేది. నిజంగా రాసినది, దేన్ని గురించి రాశారో దాని వాసన వేసేది. కాని అటువంటివి అరుదు. నమ్మకుండా రాసినది కుళ్ళేది. ‘అనాది కాలం నుంచి మానవుడు’ అని మొదలయ్యేవి మూత పెట్టి మరిచిపోయిన ఉడికించిన క్యాబేజీలా ఉండేవి. పక్కవాడి దగ్గర ఎత్తి రాసినవి సంచిలో వారం నానిన తడి తువ్వాలులా ముక్కిపోయేవి. ఉపాధ్యాయురాలిని మెప్పించడానికి రాసినవాటి నుంచి దగ్గుమందులోని చెర్రీ వాసన వచ్చేది. అన్నిటికన్నా అదే ఎక్కువ ఓకరింత తెప్పించేది. బడి నడిపే సంఘంవారు ఒక పెద్ద ఫ్యాను కొనిచ్చారు. గదులు ఊడ్చే ఆర్నీ శుక్రవారం మధ్యాహ్నం ఎవరూ చెప్పకుండానే ఒక బకెట్ తెచ్చి గుమ్మం పక్కన పెట్టి వెళ్ళేవాడు. బడిలో ఎవరూ దాన్ని గురించి ప్రత్యేకంగా మాట్లాడుకునేవారు కారు.

మిసెస్ హాల్వర్సన్ ముప్ఫై ఏళ్ళకు దగ్గరగా ఈ కంపును పీల్చింది. మొదట్లో జాలి ఉండేది. తరువాత విసుగు వచ్చింది. ఆఖరికి రోత ఒక్కటే మిగిలింది. ప్రతి కాగితాన్నీ ముక్కు దగ్గరకు తెచ్చుకుని, ఏ కుప్పలో వెయ్యాలో తేల్చుకుని, ఆ తరువాత పై పెదవి మీద మెంథాల్ లేపనం దట్టంగా రాసుకుని దిద్దడానికి కూర్చునేది. కళ్ళజోడుకు అంతగా పని ఉండేది కాదు. “నా ముక్కు చదివాక కళ్ళు చదవవలసింది పెద్దగా ఉండదు” అని తోటి ఉపాధ్యాయుల దగ్గర అంటూ ఉండేది. ఆ మాటలో కొంత గర్వం కూడా ఉండేది.

వ్యాసానికి ఆమె నేర్పిన సూత్రం ఒక్కటే, అది ఉల్లేఖన సాండ్‌విచ్. పైన నీ మాట, నడుమ పుస్తకంలోని మాట, కింద మళ్ళీ నీ మాట. నడుమ మాంసం ఎంత మంచిదైనా రొట్టె పాచిదైతే తినేవాడు ఉమ్మేస్తాడని చెప్పేది. పిల్లలు ఆ మాటకు కడుపు పట్టుకునేవారు, నవ్వుతో మాత్రం కాదు.

ఆ సంవత్సరం శరత్తులో అసలు వాసనే లేని వ్యాసాలు రావడం మొదలయింది. మొదటి వారం ఆమె పొంగిపోయి ఒక కిటికీ మూయించింది కూడా. రెండో వారానికి సంగతి తెలిసింది. ఫోనులో ప్రశ్న అడిగితే జవాబు రాసిచ్చే యంత్రం తెల్లటి, నున్నటి, పొరపాటు లేని వ్యాసాలు రాసి ఇస్తోంది. వాటిని ముక్కు దగ్గర పెట్టుకుంటే గాలి కూడా లేనట్టుండేది. క్యాబేజీకీ తడి తువ్వాలుకూ అలవాటుపడ్డ ఆ ముక్కుకు ఈ శూన్యం మరింత అసహ్యమయింది. ఎవరూ తినని పళ్ళేన్ని కడిగి చేతికిచ్చినట్టుందని ఆమె అనుకుంది. ఉప ప్రధానోపాధ్యాయుడు మిస్టర్ ప్రాథర్ నియమం పెట్టాడు: వాసన లేని వ్యాసం యంత్రం రాసినది, దానికి సున్నా, తల్లిదండ్రులను పిలిపించడం. ట్రెవిన్ గాస్ అనే కుర్రాడు అలా పట్టుబడ్డవాళ్ళలో మొదటివాడు. సున్నా వచ్చిందన్న చింత అతనికి లేదు. కంపు కొట్టి సి గ్రేడు తెచ్చుకోవడం కన్నా ఏ కంపూ లేకుండా సున్నా తెచ్చుకోవడమే పరువని అందరికీ చెప్పుకుని తిరిగాడు.

బ్రిటా సెడ్లాక్‌కు అటువంటి తీరిక లేదు. లింకన్ నగరంలోని ఒక వసతి పాఠశాల ఆమెను చివరి సంవత్సరానికి తీసుకుంటానంది. అన్నిటికీ ఒప్పుకున్నారు, అమెరికన్ సాహిత్యంలో మాత్రం బి గ్రేడుకు తగ్గకూడదన్నారు. ఆ ఊరు విడిచి వెళ్ళడానికి ఆమెకు దొరికిన దారి అదొక్కటే. వెల్టన్ విడవాలన్న కోరిక చదువు వల్ల పుట్టినది కాదు. అది ముక్కులో పుట్టింది.

ఆమె తండ్రి డ్వేన్ సెడ్లాక్ నది ఒడ్డున కొవ్వు ఫ్యాక్టరీలో పని చేసేవాడు. చుట్టుపక్కల కబేళాల నుంచి వచ్చిన ఎముకలు, పేగులు, దారిలో చచ్చిన పశువులు అక్కడ పెద్ద పాత్రల్లో ఉడికి, పైన కొవ్వుగా తేలేవి. ఆ కొవ్వు ఎక్కడికో వెళ్ళి సబ్బయ్యేది. అందుకే బడిలో బ్రిటాను ‘సబ్బుబిళ్ళ’ అని పిలిచేవారు. డ్వేన్ పని దుస్తులు గరాజులోనే విడిచి, నిమ్మవాసన వేసే గిన్నెల సబ్బుతో మోచేతులదాకా రుద్దుకుని లోపలికి వచ్చేవాడు. ప్రయోజనం ఉండేది కాదు. నిమ్మ వాసన కింద అది ఉండనే ఉండేది, తియ్యగా, వెచ్చగా, గొంతులోకి జారేలా. అతని ట్రక్కులో ఎక్కితే జనవరిలో కూడా బ్రిటా తన వైపు అద్దం దించేది. అతను ఏమీ అనకుండా హీటరు పెంచేవాడు. తల్లి ఒమాహా వెళ్ళి మరొకరితో కాపురం పెట్టింది కూడా ఈ వాసన భరించలేకనేనని బ్రిటా నమ్మకం.

మార్చిలో మిసెస్ హాల్వర్సన్ అర్ధసంవత్సరపు పెద్ద వ్యాసానికి ప్రశ్న ఇచ్చింది: పని అనేది మనిషిని ఏమి చేస్తుంది? మూడు ఉల్లేఖన సాండ్‌విచ్‌లు ఉండాలి. ఒక్కటైనా సొంత జీవితంలోంచి రావాలి. బ్రిటా మొదట ‘కష్టే ఫలే’ అన్న ధోరణిలో ఒక పేరా రాసింది. క్యాబేజీ వాసన వచ్చింది. చింపేసింది. తండ్రి ఇంకా ఇంటికి రాని ఆ సాయంత్రం, వంటింటి బల్ల దగ్గర, మరో కాగితం తీసుకుంది.

‘మా నాన్న భోజనానికి కూర్చున్నప్పుడు నేను ఊపిరి బిగబడతాను. ఆయన ప్రార్థన ముగించేలోగా నాకు తల తిరుగుతుంది. ఆయన దాన్ని భక్తి అనుకుంటాడు’ అని మొదలుపెట్టింది. ఆ తరువాత కలం ఆగలేదు. గోళ్ళ కింద పేరుకున్న తెల్లటి కొవ్వు గురించి రాసింది. ఆయన తాకిన రొట్టె తాను కుక్కకు పెట్టిన రోజు గురించి రాసింది. తల్లి గురించి, ఆమె అన్న మాటల గురించి రాసింది.

ముగించేసరికి వంటిల్లంతా కొవ్వు ఫ్యాక్టరీ అయింది. ఉడుకుతున్న ఎముకల ఆవిరి కాగితంలోంచి లేచి కిటికీ తెరలకు పట్టింది. బ్రిటా కాగితాలను దూరంగా పట్టుకుని, రెండో చేత్తో నోరు మూసుకుంది. వీటిని రేపు గదిలోకి తీసుకువెళితే చదవవలసిన పని ఎవరికీ ఉండదు. ట్రెవిన్ ముక్కు ఎగబీల్చి “అదుగో, సబ్బుబిళ్ళ వాళ్ళ నాన్నను కూడా తెచ్చింది” అంటాడు. సొంత తండ్రిని చూసి కడుపులో తిప్పుతుందన్న సంగతి ఊరంతా పీలుస్తుంది.

బట్టలు ఆరబెట్టే యంత్రంలో వేసే పరిమళపు అట్టలను పేజీల మధ్య పెట్టి చూసింది. చచ్చిన పశువుకు పూలదండ వేసినట్టయింది. అప్పుడు ఫ్రిజ్‌లో వెనక మూల ఎప్పుడూ మూత తెరిచి ఉండే వంటసోడా డబ్బా గుర్తుకు వచ్చింది. ఉల్లి, చేప, పాత జున్ను, ఏ వాసననైనా అదే కదా పీల్చుకునేది. కాగితాలనూ డబ్బానూ ఒకే సంచిలో పెట్టి, గట్టిగా మూసి, ఫ్రిజ్‌లో పెట్టింది. తెల్లవారి తీసి చూస్తే వ్యాసం కడిగిన గాజులా ఉంది. డబ్బాను మళ్ళీ దాని మూలలో పెట్టి, తేలికైన మనసుతో బడికి వెళ్ళింది. మనుషులు రాసినవన్నీ ఏదో ఒక వాసన వేస్తాయనీ, యంత్రం రాసినవే వెయ్యవనీ ఆ వయసులో ఆ అమ్మాయికి తెలియక కాదు. సిగ్గు ముందు అది గుర్తుకు రాలేదు.

సోమవారం మిసెస్ హాల్వర్సన్ ఆమెను పాఠం తరువాత ఉండమంది. బల్ల మీద వ్యాసం ఉంది.

“బ్రిటా, నిన్ను చూసి నేను కాస్త ఊపిరి పీల్చుకునేదాన్ని” అంది. “నీ క్యాబేజీ కూడా నిజాయితీగల క్యాబేజీ. ఇదేమిటి?”

“నేనే రాశాను మేడమ్.”

“మొదటి పేరా చదివాను. ఆ యంత్రానికి ఇప్పుడు ఒక తండ్రి కూడా దొరికాడన్నమాట. అతనికి గోళ్ళు కూడా ఉన్నాయి. ఇంత రోత నాకు ఎన్నడూ కలగలేదు.”

వంటసోడా అన్న ఒక్క మాట చెబితే చాలు. కాని ఏ వాసనను పోగొట్టావని అడుగుతారు. ఎందుకు పోగొట్టావని అడుగుతారు. మిస్టర్ ప్రాథర్ గదిలో, తండ్రి ఎదుట అడుగుతారు. బ్రిటా నేలను చూస్తూ నిలబడింది. మోసగత్తె అనిపించుకోవడమే నయమనిపించింది. మిసెస్ హాల్వర్సన్ కాగితాలను రెండు వేళ్ళ కొసలతో ఎత్తి, వాసన లేని కుప్పలో పడేసింది. బుధవారం ఉదయం తండ్రితో రమ్మని ఇంటికి ఫోను వెళ్ళింది.

మంగళవారం సాయంత్రం డ్వేన్ మామూలుగానే గరాజులో దుస్తులు విడిచి, చేతులు రుద్దుకుని వచ్చాడు. నువ్వే రాశావా అని అడిగాడు. రాశానంది. మరి వాసన లేదంటున్నారేమని అడిగాడు. ఆమె పళ్ళేలు తియ్యడానికి లేచింది. ఇంట్లో ఏదైనా తేలని సంగతి ఉన్నప్పుడు అతను రాత్రి భోజనానికి కూడా పాన్‌కేక్‌లే చేసేవాడు. అతనికి బాగా వచ్చిన వంట అదొక్కటే. పిండిలో మజ్జిగ పోశాడు. అలమరలో సోడా అయిపోయింది. ఫ్రిజ్‌లో వాసన పీల్చే సోడాను వంటకు వాడకూడదని ఆ ఊళ్ళో ప్రతి తల్లీ కూతురికి చెబుతుంది. ఆ ఇంట్లో చెప్పే తల్లి లేదు. బ్రిటా బల్ల మీద పళ్ళేలు సర్ది తిరిగి చూసేసరికి అతను ఆ డబ్బాలోంచి నిండు చెంచా తీసి పిండిలో కలిపేశాడు.

పాన్‌కేక్‌లు ఎన్నడూ లేనంత అందంగా పొంగాయి. ప్రార్థన అయింది. బ్రిటా అలవాటు చొప్పున ఊపిరి బిగబట్టింది. డ్వేన్ ఒక ముక్క కోసి, పాకంలో ముంచి, నోట్లో పెట్టుకున్నాడు. దవడ ఆగింది. కాసేపు గోడను చూశాడు. తరువాత నెమ్మదిగా నమిలి, మింగి, మరో ముక్క కోశాడు. అవి ఎంత అసహ్యంగా ఉన్నాయో అతని మెడ నరాలను చూస్తే తెలుస్తోంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, దుఃఖంతోనో వాంతిని ఆపుకోవడంతోనో చెప్పడం కష్టం. ఒకటి పూర్తిచేసి, రెండోది పళ్ళెంలోకి తీసుకున్నాడు. ఆ ఇంట్లో తిండి పారేసే అలవాటు లేదు.

“కుక్కకు పెట్టింది ఏ రొట్టె?” అని అడిగాడు. “అప్పుడెప్పుడో నీ పుట్టినరోజుకు చేసినదా?”

బ్రిటా తల ఊపింది.

“ఈ రెండోది కొంచెం చేదుగా ఉంది. మీ అమ్మ గురించి అనుకుంటాను.” మరో ముక్క మింగి నీళ్ళు తాగాడు. “అది వాసన వల్ల కాదు బ్రిట్. నేను మాట్లాడను. అందుకని వెళ్ళింది. వాసనకు తను అలవాటు పడింది.”

ఫ్రిజ్ గుర్రుమంటోంది. అతను చాకును పళ్ళెం అంచున పెట్టి, గోళ్ళను చూసుకున్నాడు.

“ప్రార్థనప్పుడు కళ్ళు మూసుకుంటావు కదా” అన్నాడు. “నేను భక్తేననుకున్నాను.”

మిగిలిన పాన్‌కేక్‌లను అతను ఒక పళ్ళెంలో పేర్చి, అంచులు నొక్కి రేకు కాగితం కప్పాడు.

మరునాడు డ్వేన్ చర్చికి వేసుకునే కోటుతో బడికి వచ్చాడు. స్నానం చేశాడు, జుట్టుకు నీళ్ళు పెట్టి దువ్వాడు. అయినా మిస్టర్ ప్రాథర్ అతన్ని కూర్చోమంటూనే, ఏదో పనున్నట్టు లేచి, కిటికీ కొద్దిగా తెరిచాడు. బ్రిటా అది చూసింది. ఇన్నేళ్ళూ ట్రక్కు అద్దాన్ని తానూ ఇలాగే దించానన్న ఆలోచన రాగానే మరోసారి రోత కలిగింది. ఈసారి ఆ రోత తండ్రి మీద కాదు.

మిసెస్ హాల్వర్సన్ కూడా వచ్చి కూర్చున్నాక మిస్టర్ ప్రాథర్ నియమమంతా చదివి వినిపించాడు. వ్యాసాన్ని అందరి ముక్కులకూ చూపించాడు. దానికి ఏ వాసనా లేదని అందరూ ఒప్పుకున్నారు. సున్నా ఖాయమైతే లింకన్ పాఠశాలకు తెలియజెయ్యక తప్పదన్నాడు. తరువాత మర్యాదకోసం, “మిస్టర్ సెడ్లాక్, మీ అమ్మాయి ఈ వ్యాసం రాస్తుండగా మీరు చూశారా? కనీసం చదివారా?” అని అడిగాడు.

“చదవలేదండీ” అన్నాడు డ్వేన్. “తిన్నాను.”

అని ఒళ్ళో పెట్టుకున్న నిన్నటి పాన్‌కేక్‌ల పళ్ళేన్ని బల్ల మీదికి జరిపాడు. ఫ్రిజ్‌లోని వంటసోడా సంగతి రెండు ముక్కల్లో చెప్పాడు. మిస్టర్ ప్రాథర్ దాన్ని రాసుకున్నాడు. వెల్టన్‌లో రేకు కాగితం కప్పిన పళ్ళేన్ని రెండుసార్లు వద్దనడం మర్యాద. మూడోసారి వద్దనడం శత్రుత్వం. మిసెస్ హాల్వర్సన్ ఇప్పుడే తిన్నానంది. పొట్టలో చోటు లేదంది. మూడోసారి చెయ్యి చాచి ఒక పాన్‌కేక్ తీసుకుంది. మిస్టర్ ప్రాథర్ కూడా చిన్న ముక్క తుంచుకున్నాడు.

అతను మొదటి నములులోనే లేచి మూలనున్న చెత్తబుట్ట దగ్గరకు వెళ్ళాడు. అక్కడే చాలాసేపు వంగి ఉండిపోయాడు. మిసెస్ హాల్వర్సన్ కదలలేదు. నాలుక మీద మొదట నిమ్మ సబ్బు తగిలింది, దాని కింద ఉడికిన ఎముక, దాని కింద గోళ్ళలోని చల్లటి కొవ్వు. గొంతులో ఎవరో ఊపిరి బిగబట్టినట్టయింది. ఏళ్ళ తరబడి పీల్చిన క్యాబేజీలూ తడి తువ్వాళ్ళూ అన్నీ కలిసినా ఇంత కడుపు తిప్పలేదు. ఒళ్ళంతా చెమట పట్టింది. అయినా ఆమె మింగింది. మింగి, సంచిలోంచి కళ్ళజోడు తీసి, రుమాలుతో అద్దాలు తుడుచుకుని, వ్యాసం ముందుకు లాక్కుంది. మొదటి పేరా దాటి చదవడం అదే మొదలు. ఆ గదిలో అంతసేపు వినిపించింది మిస్టర్ ప్రాథర్ గొంతు ఒక్కటే. అతనిది మాట కూడా కాదు.

చివరి పేజీ తిప్పి ఆమె ఎర్ర కలం తీసింది.

“ఇది అమ్మాయే రాసింది. యంత్రానికి ఇంత కంపు చేతకాదు” అంది.

మిస్టర్ ప్రాథర్ బుట్ట దగ్గరి నుంచే చెయ్యెత్తి సమ్మతి తెలిపాడు.

“బి” అంది మిసెస్ హాల్వర్సన్. “ఏ ఇవ్వలేను. రెండో సాండ్‌విచ్‌కు కింది రొట్టె లేదు. మీ అమ్మ మాటలు ఉల్లేఖించి, ఆ తరువాత నీ మాట రాయకుండా వదిలేశావు.”

“అక్కడ ఏం రాయాలో నాకు తెలియలేదు మేడమ్.”

“తెలియలేదనైనా రాయవలసింది.” ఆమె కళ్ళజోడు తీయలేదు. “ఇకముందు ఏదీ సోడాలో పెట్టి తేకు. నేను భరిస్తాను.”

బి అంటే సరిపోతుందా అని డ్వేన్ అడిగాడు. సరిపోతుందని బ్రిటా చెప్పింది. అతను ఖాళీ కాని పళ్ళేన్ని మళ్ళీ రేకుతో కప్పి చంకలో పెట్టుకున్నాడు. ఫ్యాక్టరీలో మధ్యాహ్నపు పనికి వేళయింది.

ఆగస్టులో లింకన్ తీసుకువెళ్ళింది అతనే. సామాను ట్రక్కు వెనక ఉంది. చల్లగాలి యంత్రం ఎప్పుడో చెడిపోయింది. దారికి రెండు పక్కలా మొక్కజొన్న ఎండకు ఉడుకుతోంది. బ్రిటా ఎక్కగానే అలవాటు చొప్పున తన వైపు అద్దం దించింది. ఊరి చివర, ఫ్యాక్టరీ గొట్టాల పక్కనుంచి, నది వంతెన మీదికి వచ్చేదాకా అలాగే కూర్చుంది. వంతెన దాటాక పిడి తిప్పుతూ అద్దాన్ని పూర్తిగా పైకెత్తింది. ట్రక్కు నిండా వెచ్చగా, తియ్యగా, ఆ వాసన నిండింది. బ్రిటా ముఖం పక్కకు తిప్పుకోలేదు.

“ఉక్కగా లేదూ?” అన్నాడు డ్వేన్, రోడ్డు మీంచి కళ్ళు తీయకుండా.

“ఉంది” అంది బ్రిటా.

అద్దం దించలేదు.